గర్భిణీ పులసకు ఘన స్వాగతం!

జూలై చివర్లో ఏ పత్రికైనా తెరవండి. ఒక ఫొటో గ్యారంటీ. యానాం రేవులో ఎవరో ఒకరు తళతళలాడే చేపను రెండు చేతులా ఎత్తి పట్టుకుని నవ్వుతుంటారు. పైన శీర్షిక: పులస పలికింది ఇరవై వేలు! ఆశ్చర్యార్థకం తప్పనిసరి. ఎన్ని కిలోలు తూగిందో రాస్తారు. వేలంలో ఎవరు పాడుకున్నారో రాస్తారు. ఏ పెద్దాయన ఇంటికి వెళ్లిందో రాయకుండానే రాస్తారు. పులుసులో బెండకాయలు ఎప్పుడు వేయాలో చెప్పే పెట్టె ఒకటి పక్కనే ఉంటుంది. అన్నీ ఉంటాయి. ఒక్క ప్రశ్న మాత్రం ఉండదు. ఆ చేప గోదావరికి ఎందుకొచ్చింది?

షికారుకు రాలేదండీ. కాన్పుకొచ్చింది.

మీకు తెలుసు. నాకూ తెలుసు. వేలం పాడినవాడికీ తెలుసు. ఫొటోలో నవ్వినవాడికి అందరికన్నా బాగా తెలుసు. తెలియనట్టు నటించడం కూడా పులుసులో ఓ దినుసే.

పుట్టుక గోదావరిలోనే అయినా పులస బతుకంతా బంగాళాఖాతంలోనే. శాస్త్రవేత్తలు టెన్యులోసా ఇలీషా అంటారు. 1822లో హామిల్టన్ దొర గంగానది చేపల మీద పుస్తకం వేస్తూ దీన్ని లోకానికి పరిచయం చేశాడు. బెంగాలీలు ఇలిష్ అని కలవరిస్తారు. ఉప్పునీళ్లలో ఇది చాలా మర్యాదస్తురాలు. మొప్పల్లో సన్నటి జల్లెడ ఉంటుంది. దాంతో నీటిలోని నాచునూ, నలుసంత జీవాలనూ వడగట్టుకుని తింటుంది. ఎవరి జోలికీ పోదు. ఒక్క విషయంలోనే పట్టుదల. గుడ్లు ఉప్పునీళ్లలో పెట్టదు. మంచినీళ్లు కావాలి. అదీ పారే నీళ్లు కావాలి.

అందుకే నైరుతి వానలకు గోదావరి పొంగి, ఎర్రనీరు సముద్రంలో కలవగానే దీనికి కబురు అందుతుంది. ఎదురీత మొదలు. ఉప్పునీళ్లకు అలవాటుపడ్డ ఒంటిని రోజుల వ్యవధిలో మంచినీళ్లకు మార్చుకోవాలి. మొప్పలు, మూత్రపిండాలు అప్పటిదాకా చేసిన పనికి సరిగ్గా వ్యతిరేకమైన పని చేయాలి. వరద మీదికి తోస్తుంటుంది. తిండి దాదాపు మానేస్తుంది. మరి శక్తి ఎక్కడిది? సముద్రంలో ఉండగా ఒంట్లో దాచుకున్న కొవ్వు. ఈతకు ఆ కొవ్వే. గుడ్లు పండటానికీ ఆ కొవ్వే.

మనం లొట్టలేసేది సరిగ్గా దానికే! పులస రుచి అంటే ఆ కొవ్వు రుచి. గుడ్లు పెట్టేశాక అదే చేప చిక్కిపోతుంది, చప్పబడుతుంది, ధర పడిపోతుంది. అర్థమైందా? మనకు పురిటికి వెళ్లే చేపే కావాలి. పురుడు పోసుకుని తిరిగొచ్చే చేప అక్కర్లేదు. దాని పురిటి ఖర్చుకు దాచుకున్నది మన నాలుకకు పండగ. ఇంత కచ్చితంగా గురి చూసి కొట్టే నాలుక ప్రపంచంలో ఇంకెవరికైనా ఉందా?

కాస్త లెక్క చూద్దాం. ఈడొచ్చిన ఆడచేప తన సైజును బట్టి లక్ష నుంచి ఇరవై లక్షల దాకా గుడ్లు మోస్తుంది. గుడ్డు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. మధ్యస్థంగా పది లక్షలు అనుకోండి. వేలంలో చేప ఇరవై వేలకు పోయింది. గుడ్డు ఎంతకు పడింది? రెండు పైసలు. కోడిగుడ్డు ధర పావలా పెరిగితే అసెంబ్లీ దాకా వెళ్తుంది. గోదావరి గుడ్డు రెండు పైసలకు పోతే మీసం మెలేస్తాం. గుడ్లతో సహా కొన్నానహో అని వాట్సాప్ స్టేటస్ పెడతాం. చేప జెనను విడిగా వేయించుకుని, మొదటి ముద్ద ఎవరికి పెట్టాలో అని ఇంట్లో తగువులాడుకుంటాం.

ఆ గుడ్లు వదిలేస్తే ఏమయ్యేది? తల్లి నీటిలో వదులుతుంది, మగచేప వాటి మీద రేతస్సు వదులుతుంది. కాపలా లేదు, పెంపకం లేదు. ఒక రోజు అటూ ఇటూగా గుడ్డు పగిలి, కంటికి ఆనని పిల్ల బయటికొస్తుంది. కొన్ని నెలలు నదిలోనే మేసి, జానెడు కాకముందే సముద్రం దారి పడుతుంది. ఒకటి రెండేళ్లకు ఈడొచ్చి మళ్లీ నది ఎక్కుతుంది. లక్షల్లో ఎన్ని బతుకుతాయి? చాలా కొద్ది. అందుకే అన్ని లక్షలు పెడుతుంది పాపం. ప్రకృతి వేసుకున్న తరుగు లెక్క అది. అందులో పెద్ద చేపలు తింటాయని ఉంది, వరదకు కొట్టుకుపోతాయని ఉంది. మంత్రిగారి విందు అనే పద్దు మాత్రం లేదు.

ఇప్పుడు సర్కారు వారి క్యాలెండర్ చూడండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మునుపు ఇంతకన్నా తక్కువ రోజులుండేది, 2015 నుంచి పెంచారు. మరబోట్లు, మోటారు పడవలు ఒడ్డున కట్టేయాలి. కారణం? చేపలు గుడ్లు పెట్టే కాలమట. తల్లిచేపను కాపాడుకోవాలట. పోస్టర్లు వేస్తారు. మైకులు కడతారు. భృతి పంచడానికి సభలు పెడతారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ భృతి 2025లో 10 వేల నుంచి 20 వేలకు పెరిగింది కూడా. మంచిదే. పని మానుకుని కూర్చున్నవాడికి పైసలిస్తే ఎవరు కాదంటారు?

కానీ పులస ఎప్పుడొస్తుంది? జూలైలో. ఆగస్టులో. సెప్టెంబరులో.

నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. బోట్లకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, సముద్రంలోకి తోస్తారు. వలలు పరుస్తారు. సరిగ్గా అప్పుడు నిండు కడుపులతో పులసలు ఒడ్డుకేసి బయల్దేరతాయి. ఏం ముహూర్తమండీ! ఇంత పకడ్బందీగా తప్పు తారీఖు పెట్టాలంటే ఎన్ని ఫైళ్లు కదలాలి? ఎన్ని టీలు తాగాలి?

అయ్యా, 61 రోజుల నిషేధం దండగ అనడం లేదు. బంగాళాఖాతంలో వందల రకాల చేపలున్నాయి. అవన్నీ ఒకే లగ్నానికి గుడ్లు పెట్టవు. కొన్ని వేసవిలో పెడతాయి, కొన్ని వానాకాలంలో, కొన్ని ఏడాది పొడుగునా. రెండు నెలలు ఇంజన్లు ఆగితే సముద్రానికి ఊపిరి ఆడుతుంది. ఆ మేలు ఉంది. కానీ అన్ని తాళాలకూ ఒకే తాళంచెవి అని చెప్పి, పైగా తల్లిచేప బొమ్మ వేసి దండ వేయడం ఎందుకు? ఏప్రిల్‌లో మైకు పట్టుకుని 'తల్లిచేపను చంపితే తరతరాల నష్టం' అన్న నోరే ఆగస్టులో 'ఏవయ్యా, మనకు పులస రాలేదేంటి?' అంటుంది. నోరు ఒకటే. మైకు ఉన్నప్పుడు ఒక మాట, విస్తరి ఉన్నప్పుడు ఒక మాట.

మన వాళ్ల దగ్గర ఇంకో పండగ ఉంది. జూలై 10, జాతీయ మత్స్య రైతుల దినోత్సవం. 1957లో ఆ రోజు ఒడిశాలో హీరాలాల్ చౌధురి, ఆలికున్హి అనే శాస్త్రవేత్తలు మంచినీటి చేపలకు పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి, చెరువు నీళ్లలోనే గుడ్లు పెట్టించారు. గొప్ప విజయమే. ఇవాళ కొల్లేరు చుట్టూ ఉన్న చెరువులన్నీ ఆ సూదిమందు పుణ్యమే. ఏటా ఆ రోజు వేదికలెక్కి, చేపతో గుడ్లు పెట్టించిన ఘనతను పొగుడుకుంటాం. అదే నెలలో ఒక చేప సూదీ మందూ లేకుండా, పైసా సబ్సిడీ అడగకుండా, సముద్రం నుంచి ఎదురీదుకుంటూ మన గుమ్మంలోకి గుడ్లు పెట్టడానికొస్తుంది. దాన్ని మాత్రం పాట పాడి అమ్ముకుంటాం. అడగనిదానికి సూది వేస్తాం, అడిగిందానికి గొంతు కోస్తాం.

పోనీ చెరువుల్లో పెంచేద్దాం, గోల వదిలిపోతుంది అంటారా? దేశానికి చేపలు పెట్టే రాష్ట్రం కదా మనది? అక్కడే ఉంది తిరకాసు. ఇది మహా సుకుమారి. వల తగిలితే పొలుసు రాలుతుంది. నీళ్లలోంచి తీస్తే నిమిషాల్లో ప్రాణం పోతుంది. చేత్తో గుడ్లు పిండి పొదిగించే ప్రయత్నాలు తమిళనాడు కొల్లిడం నది ఒడ్డున 1909 నాటికే చేశారు. శతాబ్దం దాటింది. ప్రయోగశాలల్లో, ప్రయోగాల చెరువుల్లో శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పాట్లు పడుతున్నారు, కొంత సాధించారు. కానీ రొయ్యలా, బొచ్చెలా చెరువుకట్ట మీద లాభాల లెక్క వేసుకునే రోజు రాలేదు.

ఈ సుకుమారంలో ఇంకో చేదు నిజముంది. 'గుడ్లున్న చేప పడితే వదిలేయండి' అని కరపత్రాలు పంచుతారు చూడండి, అది పులస దగ్గర ఉత్త మాట. పడ్డాక వదిలేసినా అది బతకడం కష్టం. శవాన్ని నీళ్లలో వేసి పుణ్యం మూటగట్టుకోవచ్చు, అంతే. కాబట్టి మిగిలింది ఒక్కటే దారి. అది ఎక్కే రోజుల్లో, ఎక్కే పాయల్లో వలే ఉండకూడదు. ఈ మాట అనడానికి ఏ నాయకుడికైనా నోరు పెగులుతుందా? ఆ నోటి నిండా ముద్ద ఉందయ్యె!

తూకం సంగతీ చెప్పుకోవాలి. చిన్న పులసకు ఒక ధర. రెండు కిలోలు దాటితే ధరకు రెక్కలు. ఇప్పుడు చేప లెక్క వినండి. తల్లి ఎంత పెద్దదైతే గుడ్లు అన్ని ఎక్కువ. ముదురు తల్లులే జాతికి మూలధనం. అంటే మార్కెట్టు తరాజు ఎవరిని ముందు చంపమని చెబుతోంది? ఎవరు బతికితే వంశం నిలబడుతుందో సరిగ్గా వాళ్లను! మిగిలిన పిల్లలు సముద్రానికి తిరిగి వెళ్తుంటే దోమతెర లాంటి సన్నకన్ను వలలు కాచుకుని ఉంటాయి. వచ్చేటప్పుడు తల్లి, పోయేటప్పుడు పిల్ల. మధ్యలో 'ఈ ఏడాది పులస ఎందుకో తగ్గిందండీ' అని ఒక నిట్టూర్పు. ఎందుకో అట! కడుపులో పెట్టుకుని, ఎందుకో అట!

ఇలా తిని చేతులు కడుక్కున్న జాతులు ఇంకా ఉన్నాయి. మలేసియాలోని సరవాక్‌లో పులసకు దగ్గరి చుట్టం ఒకటుంది. టెరుబొక్ అంటారు. దాని జీవితం ఇంకా విచిత్రం. మొదట మగచేపగా పెరుగుతుంది. పెద్దదయ్యాక ఆడచేపగా మారుతుంది. అంటే పెద్ద చేపలన్నీ తల్లులే. ఆ తల్లుల గుడ్లకు అక్కడ బంగారం ధర. నదీముఖాల్లో కాచుకుని పెద్దవాటినే పట్టారు. తల్లుల్ని వరసపెట్టి ఏరేస్తే ఏమవుతుంది? ఏమవ్వాలో అదే అయింది. చేపలు కుప్పకూలాయి. మనకు ఎవరి అనుభవమూ పనికిరాదు కదా, మన వేలు మనమే కాల్చుకోవాలి.

ఇక గోడల కథ. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా ఆనకట్ట కట్టాడు. డెల్టాకు అన్నం పెట్టాడు. ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం, పెట్టుకోవాల్సిందే. చేపను మాత్రం ఎవరూ సంప్రదించలేదు. రెండు దశాబ్దాలు తిరగ్గానే, 1873లో, ఫ్రాన్సిస్ డే అనే ప్రభుత్వ చేపల అధికారి తన నివేదికలో మొత్తుకున్నాడు. ఈ ఆనకట్టలు నది ఎక్కే చేపల దారిని మూసేస్తున్నాయి, దారి వదలండి అని. 150 ఏళ్లు దాటాయి. నివేదికకు చెదలు పట్టి ఉంటుంది. చేప మాత్రం ఏటా వచ్చి ఆ గోడకు తల కొట్టుకుంటూనే ఉంది. పులస వేటంతా ఇవాళ ధవళేశ్వరానికి దిగువనే ఎందుకు సాగుతోంది? అక్కడ నీళ్లు తియ్యగా ఉన్నాయనా?

గోదావరి ఒక్కటే కాదు. కావేరి మీద 1934లో మెట్టూరు డ్యాము లేచింది, అక్కడ ఈ చేప కథ ముగిసింది. సింధు నది మీద సుక్కూరు, కోట్రీ బ్యారేజీలు వచ్చాయి, పాకిస్తాన్ వాళ్లు ప్రాణంలా చూసుకునే 'పల్లా' దిగువకు కుంచించుకుపోయింది. గంగ మీద 1975లో ఫరక్కా వచ్చింది. అంతకుముందు అలహాబాదు దాటి ఎగబాకిన ఇలిష్, ఆ తర్వాత ఎగువ ఊళ్లలో తాతల కబుర్లలో మిగిలింది. నాలుగు నదులు, ఐదు గోడలు, ఒకే చేప. పాఠం నేర్వడానికి ఇంకెన్ని నదులు కావాలి సార్?

నిచ్చెనలూ వేశారు, వేయలేదనకూడదు. కొల్లిడం మీద దిగువ ఆనకట్టకు శతాబ్దం కిందటే చేపల నిచ్చెన కట్టారు. పడమటి దేశాల సాల్మన్ చేపను మనసులో పెట్టుకుని పుట్టిన ఆలోచన అది. సాల్మన్ ఎగిరి దూకుతుంది. మనది దూకదు. ఎదురీత తెలుసు, గెంతులు తెలియవు. నిచ్చెన అలా ఉండిపోయింది.

ఇప్పుడు పోలవరం. స్పిల్‌వే దగ్గర చేపల నిచ్చెన కట్టారు. పులస కోసమే అని బాకాలూదారు. ఇంజినీరింగ్ అద్భుతమన్నారు. సంతోషం. కానీ చిన్న సందేహం. పోలవరానికి దాదాపు 40 కిలోమీటర్ల దిగువన ధవళేశ్వరం అనే ఊరుంది, విన్నారా? సముద్రం నుంచి వచ్చే చేప ముందు ఏది దాటాలి? కింది మెట్లు పీకేసి, మేడ మీద లిఫ్టు పెట్టి, ముసలమ్మను పిలిచినట్టుంది వ్యవహారం. ఏదో భారీ వరదకు ధవళేశ్వరం గేట్లన్నీ లేచిన రోజున నాలుగు చేపలు ఎగబాకాయే అనుకుందాం. ఆపైన నిచ్చెనా ఎక్కాయే అనుకుందాం. పైన ఏముంది? 45.72 మీటర్ల మట్టానికి నింపుతామంటున్న జలాశయం. నిలవ నీరు. గుడ్లకు పారే నీళ్లు కావాలని మొదట్లోనే చెప్పుకున్నాం కదా! నిచ్చెన బాగుంది. ఎక్కాక ఏం చేయాలో చేపకు ఎవరైనా చెప్తారా?

'ఇవన్నీ అయ్యే పనులు కావండీ, మనుషులకే దిక్కులేదు' అంటారు కొందరు పెద్దమనుషులు. అలాగా? మన పొరుగు దేశం ఒకటి చేసి చూపించింది. బంగ్లాదేశ్‌కు ఇలిష్ జాతీయ చేప. రెండు దశాబ్దాల కిందట అక్కడా దిగుబడి పడిపోయింది. ఏడాదికి సుమారు రెండు లక్షల టన్నులకు దిగింది. ఏం చేశారు? చేప క్యాలెండర్ చూశారు. మంత్రిగారిది కాదు, చేపది. అక్కడ పెద్ద సంఖ్యలో గుడ్లు పెట్టేది ఆశ్వయుజ పున్నమికి అటూ ఇటూ. ఆ 22 రోజులు పట్టడం, అమ్మడం, మోయడం, దాచడం అన్నీ నేరం. పట్టుబడితే జైలు. 25 సెంటీమీటర్ల లోపు పిల్లచేపను నవంబరు నుంచి జూన్ దాకా ముట్టకూడదు. నదిలో పిల్లలు పెరిగే చోట్లను రక్షిత ప్రాంతాలుగా కట్టేశారు. జాలర్లకు బియ్యం ఇచ్చారు. దిగుబడి ఐదు లక్షల టన్నులు దాటింది.

అక్కడేమీ స్వర్గం లేదు. ఆ బియ్యంతో ఇల్లు గడవదని జాలర్లు మొత్తుకుంటారు. సావుకారు అప్పులు నిషేధ కాలంలో ఆగవు. దొంగవేట ఉంది. ఈమధ్య దిగుబడి మళ్లీ జారుతోంది కూడా. అయినా వాళ్లు ఒక పని చేశారు. చేప ఎప్పుడు గుడ్లు పెడుతుందో కనుక్కుని, ఆ రోజుల్లోనే తాళం వేశారు. ఇంత చిన్న తెలివికి మనకు ఇంకెన్ని పుష్కరాలు పడతాయి? మన దేశంలోనే కేరళ ఉంది. ఏ చేపను ఎన్ని సెంటీమీటర్ల లోపు పట్టకూడదో 58 రకాలకు కొలతలు రాసి చట్టంలో పెట్టింది. మన దగ్గర కొలత ఒకటే. పళ్లెంలో పడుతుందా లేదా?

ఇక్కడ ఒక సామెత అడ్డొస్తుంది. పుస్తెలమ్ముకునైనా పులస తినాలట. అబ్బో, ఎంత రసికత! ఎవరి పుస్తెలండీ? ఇరవై వేలు పెట్టి చేప కొన్నవాడి ఇల్లాలి మెడలో పుస్తెలు భద్రంగానే ఉన్నాయి. తాకట్టు కొట్టుకు వెళ్లేవి వల కొనుక్కున్నవాడి ఇల్లాలివి. వరద గోదావరిలో రాత్రంతా నావ మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకునేది ఎవరు? అప్పిచ్చిన దళారీకి కట్టుబడి, వాడు చెప్పిన ధరకే చేప అప్పగించేది ఎవరు? సీజన్ మొత్తంలో ఫొటోకెక్కే చేప ఒకటో రెండో. మిగతా రాత్రులు ఖాళీ వల. ఆ ఖాళీ వల ఫొటో మీరు ఏ పత్రికలో చూశారు?

అందుకే రేపు ఎవరైనా మేలుకుని 'పులస తగ్గింది, నిషేధం పెట్టండి' అంటే మొదటి లాఠీ ఎక్కడ పడుతుందో కూడా తెలుసు. నావ మీద. ఐస్ పెట్టెల్లో చేపను సర్ది హైదరాబాదు పంపినవాడి మీద పడదు. 'సారుకి చిన్న కానుక' అంటూ బదిలీ ఫైలుతో పాటు పులస మోసుకెళ్లినవాడి మీద పడదు. పెట్టె తెరిచి 'అయ్యో, ఇవన్నీ ఎందుకండీ' అని మూత వేసుకున్న సారు మీద అసలు పడదు. సముద్రపు బోటుకు వేసవిలో భృతి ఇచ్చినట్టే, వరద కాలంలో నాలుగు వారాలు నదిలో వల దించకుండా ఉండే నావకూ భృతి ఇస్తే ఎంతవుతుంది? భృతి పంచే సభకు వేసే షామియానా, ఫ్లెక్సీల ఖర్చు ఆపి చూడండి, మొదటి విడతకు సరిపోవచ్చు.

తినేవాడికీ ఓ శుభవార్త. మీరు తిన్నది పులస కాకపోయి ఉండొచ్చు. ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి, బర్మా నుంచి ఐసులో వచ్చిన చేపనే గోదావరి పేరు పెట్టి అంటగట్టడం పాత వ్యాపారమే. హోటల్లో మెనూ కార్డు మీద ఏడాది పొడుగునా పులస పులుసు కనిపిస్తోందంటే అది నది మహిమ కాదు, ఫ్రీజర్ మహిమ. గర్భిణిని చంపిన పాపం మీకు అంటలేదు, జేబు ఖాళీ అయిన పుణ్యం మాత్రం దక్కింది. మరి ఆ చప్పటి ముక్కను నములుతూ 'ఆహా, గోదారి నీటి రుచే వేరు' అన్నారు చూడండి, ఆ కళ్లు మూసుకోవడం నిజంగా చూసి తీరాలి!

తీరా ఇంత చెప్పాక సర్కారు స్పందించదా? స్పందిస్తుంది. ఏదో ఒక శుభోదయాన గోదావరి ముఖద్వారాలన్నిటా ఈ బోర్డు వెలిసినా ఆశ్చర్యపోకండి:

'ఇందుమూలముగా సమస్త గర్భిణీ పులసలకు తెలియజేయునది ఏమనగా, ప్రభుత్వము వారు తమ ప్రసవార్థమై ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు దయతో కేటాయించియున్నారు. ఆ సమయమున గోదావరిలో వరద లేదని సాకులు చెప్పరాదు. గడువు దాటి జూలై మాసములో వచ్చువారు తమ సొంత పూచీపై రావలెను. రెండు కిలోలు మించిన మాతృమూర్తులు ముందుగా వేలము రేవునందు హాజరు వేయించుకొనవలెను. వలలో పడునప్పుడు పొలుసులు రాలకుండ జాగ్రత్త వహించవలెను. పొలుసు రాలిన చేపకు ధర తగ్గును. పిల్లలను సన్నకన్ను వలలనుండి కాపాడుకొను బాధ్యత తల్లిదండ్రులదే. పోలవరము నిచ్చెన సౌకర్యము ధవళేశ్వరము దాటిన వారికి మాత్రమే వర్తించును. ఈ ఉత్తర్వుపై అభ్యంతరములున్నచో సంబంధిత అధికారిని కార్యాలయ వేళలలో స్వయముగా కలువవచ్చును. మధ్యాహ్నము ఒంటిగంట నుండి మూడు గంటల వరకు అధికారివారు భోజనమునందుందురు. ఆ వేళకు వచ్చు పులసలు వెనుకవైపు, వంటగది తలుపున రావలెను.'